సణుగని గుడారము

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 1:26–33, ఫిలిప్పీయులకు 2:14–16



ఇశ్రాయేలీయులు అరణ్యములో చేసిన పాపములలో ఒకటి మన యిండ్లకు మిక్కిలి దగ్గరగా నున్నది. వారు తమ గుడారములలో కూర్చుండి సణిగిరి. తమ భయమును దేవుని సన్నిధికి తీసికొని పోలేదు. లోపల తమలో తాము మాటలాడుకొని, దేవుడు తమ్మును ద్వేషించుచున్నాడని తీర్మానించుకొనిరి.

మా ముసునూరు ప్రాంతములో ఇప్పుడు గుడారములు లేవు గాని ఆ మాటలు మనకు క్రొత్తవి కావు. మామిడి కాపు నిలిచిన యేట ధర లేదందుము. ధర పలికిన యేట కాపు లేదందుము. కూర చప్పగా నున్నదని మగడును, తెచ్చిన సొమ్ము చాలదని ఆలియు, కోడలికి పని రాదని అత్తయు, ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకు వరకు సణుగుచునే యుందురు. పిల్లలు వినుచుందురు. విన్నదే నేర్చుకొందురు.

కావున ఈ నెల, గుడారములో నివసించియు సణుగని యొక దైవజనుని జీవితమును తలంచుకొందము. ఆయన దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన పుట్టుకచేత తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విలై అను చిన్న గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగం గారు మా వంటి పల్లెటూరి పాదిరి. అజరయ్యగారు బాలుడుగా నుండగనే ఆ తండ్రి ప్రభువునందు నిద్రించెను. తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పట్టపరీక్షల సమయమున జబ్బుపడి, పట్టము లేకయే బయటికి వచ్చిరి. మనలో ఎవరికైన ఇట్లు జరిగిన యెడల, ఆ మాట ముసలితనము వరకు చెప్పుకొనుచుందుము. ఆయన తనకు దొరికిన పనిని చేతపట్టిరి. 1895 నుండి 1909 వరకు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమందు తిరిగి యువకులకు సేవ చేసిరి.

1898లో ఆయనకు మరియమ్మాళ్ గారితో వివాహమాయెను. ఆమెను అన్బు అని పిలిచెడివారు. అరవములో ఆ మాటకు ప్రేమ యని అర్థము. దక్షిణదేశములో కళాశాల చదువు చదివిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఆ పెండ్లికి ఆయన కట్నము పుచ్చుకొనలేదు. ఇచ్చిన కట్నము చాలలేదని కోడలిని ఏండ్ల తరబడి దెప్పు ఇండ్లు మనలో నున్నవి గనుక, ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

1903లో ఆయనయు తోడివారును కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఆ సంఘము మన తెలుగువారి యొద్దకు, అప్పటి నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతమునకు, పనివారిని పంపెను. 1909లో ఆయన గురువుగా అభిషేకము పొంది తామే అక్కడికి వచ్చిరి. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు. భాష వేరు, తిండి వేరు, చుట్టును అడవి. మొదటి దినములలో గుడారమే ఇల్లు. ఎద్దుబండి మీదను సైకిలు మీదను ప్రయాణము. ఆ దంపతులకు పుట్టిన బిడ్డలు ఆరుగురు. అన్బమ్మగారు తన చదువునకు తగిన పట్టణ సౌఖ్యమును విడిచి, పల్లె స్త్రీల నడుమ పాటుపడిరి.

అయితే సణుగకుండుట యనగా నోరు మూసికొని యుండుటయా? ఇక్కడ మేము మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక సహోదరి వచ్చి, మామిడి కోతలలో తన పెనిమిటి సంపాదించిన కూలి అంతయు సారా కొట్టుకు పోవుచున్నదని మాతో చెప్పుకొనెను. దేవునికి స్తోత్రము చెల్లించి ఓర్చుకొనుమని మేము బోధించి పంపితిమి. ఆ రాత్రి అన్నము తినునప్పుడు మా ఇల్లాలు మమ్మును అడిగినది: ఇంటికప్పు కారుచున్నదని మీరు వానకాలమంతయు సణుగుదురే, ఆకలిగొన్న బిడ్డల తల్లికి ఓర్పు నేర్పుదురా యని. మాకు జవాబు లేకపోయెను.

జవాబు అజరయ్యగారి జీవితములో దొరికెను. 1910లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరములో లోకమంతటి మిషనరీల మహాసభ జరిగెను. ఆయన ఆ సభలో నిలువబడి, తెల్ల మిషనరీలలో అనేకులు తమతో పనిచేయు ఇండియా సేవకులను సమానులుగా చూచుట లేదని, తమ బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనుట లేదని ముఖాముఖిగా చెప్పిరి. కొందరికి కోపము వచ్చెను. కాని ఆ ప్రసంగపు ముగింపులో ఆయన, మిషనరీలు తమ సొత్తును ప్రాణములను మన దేశము కొరకు ధారపోసిన సంగతిని ఇండియా సంఘము తరతరములు కృతజ్ఞతతో జ్ఞాపకము చేసికొనునని ఒప్పుకొనిరి. ఆ పిమ్మటనే, ఇవన్నియు ఇచ్చినవారు స్నేహమును కూడ ఇయ్యవలెనని వేడుకొనిరి.

చూచితిరా? ఇంటికి పోయి చాటున సణుగలేదు. పొందిన మేలును దాచలేదు. లోపమును దాచలేదు. కృతజ్ఞత గలవాని నోట వచ్చిన మొర గనుక అది నేటికిని మరువబడలేదు.

మరునాడు మేము ఆ సహోదరి యింటికి పోయి, తోటలో ఆమె పెనిమిటిని కలిసికొంటిమి. గుడి ప్రహరీకి అతడు మోసిన రాళ్లకు మొదట వందనములు చెప్పితిమి. తరువాత బిడ్డల ఆకలిని దాచక చెప్పితిమి. ఆ వారము సగము కూలి ఆమె చేతికి వచ్చెను. మిగిలిన సగము కొరకు ఇంకను ప్రార్థించుచున్నాము, ఇంకను అడుగుచున్నాము.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి ఇండియా దేశస్థుడు ఆయనయే. తరువాత అప్పటి కృష్ణా జిల్లా సంఘములును ఆయన కాపుదలలోనికి వచ్చెను. ఊరి వెలుపల నుంచబడిన మాలపల్లెలలోను మాదిగపల్లెలలోను ఆయన కూర్చుండి బోధించిరి. బీదలమని చెప్పి వారిని ఇచ్చుటనుండి తప్పించలేదు. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు ప్రభువు కొరకు ప్రక్కన పెట్టుట ఆ సంఘములలోని స్త్రీలకు అలవాటాయెను. చాలని బియ్యమును తలంచు చెయ్యి, ఉన్న బియ్యమును తలంచుట నేర్చుకొనెను. దోర్నకల్ దేవాలయము కట్టుటకు దాదాపు ఇరువదియైదేండ్లు పట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దాని స్తంభములమీద మన యూరి తామరపువ్వును ఉమ్మెత్తపువ్వును నేటికిని చూడవచ్చును.

సంఘముల ఐక్యత కొరకు ఆయన 1919 నుండి ప్రయాసపడిరి. 1945 జనవరి 1న దోర్నకల్‌లో మరణించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. మోషేవలె ఆయన ఆ దేశములో ప్రవేశింపలేదు. ఆయన నాటిన చెట్టు ఫలమును మనము తినుచున్నాము.

ప్రియులారా, ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒక పని చేయుదము. ఇంటిలోని ప్రతివారును ఆ దినము ఇంటివారిలో ఒకరివలన పొందిన మేలును పేరు పెట్టి చెప్పవలెను. అత్త కోడలిని గూర్చి, మగడు ఆలిని గూర్చి, బిడ్డలు తలిదండ్రులను గూర్చి చెప్పవలెను. కష్టమున్న యెడల ప్రక్కింటివారితో గాక, చెప్పవలసిన వారితోనే, ఆ మేలు చెప్పిన పిమ్మట చెప్పవలెను. వినువారు కోపపడక వినవలెను.

ప్రభువా, మా గుడారములలో సణుగుడు మాన్పుము. నీవిచ్చిన దానిని చూచు కన్నులను, లేనిదానిని ప్రేమతో అడుగు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.