అజ్ఞాత తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

మదనపల్లె చెంతనున్న అంగళ్లులో గాని, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెలలో గాని గర్భవతియైన స్త్రీ ఆరోగ్య కేంద్రానికి పోతే, ఆమె చేతిలో పెట్టే మాత్రలలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడ ఉంటుంది. పట్టణపు పెద్దాసుపత్రిలో రక్తపు కాన్సరుతో మంచమెక్కిన పసివానికి ఇచ్చే మందులలో మెతొట్రెక్సేటు అనేది ఒకటి. మొదటిది పోషణ, రెండవది విషప్రాయం. ఒకటి కణాన్ని నిలుపుతుంది, రెండవది దానిని కూలుస్తుంది. పరస్పర విరుద్ధాలైన ఈ రెండు మందుల చరిత్రలోను ఒకే తెలుగువాని పేరు కనిపిస్తుంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించినాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మ. సంసారం పెద్దది, రాబడి చిన్నది. చదువు మీద ఆ బాలునికి మొదట మక్కువ లేదు. పదమూడవ ఏట ఇల్లు విడచి కాశీకి బయలుదేరినాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించవచ్చునని అతని ఊహ. దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చినారు. తండ్రి పోయిన తరువాత తల్లి తన నగలమ్మి కుమారుని చదువు సాగించినది. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కినాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలో మనస్సు సన్న్యాసం వైపు మళ్లినది. రామకృష్ణ మఠంవారు తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనలేమన్నారు, తల్లి అనుమతింపలేదు. సన్న్యాసి కాదలచినవాడు ఆవిధంగా వైద్యవిద్యార్థియై మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించినాడు.

1919లో శేషగిరితో వివాహమైనది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు చేయూతనిచ్చినారు. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశాన్ని కదిలించిన దినాలు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీతో పోయేవాడు. శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది కంటగింపైనది. తక్కిన పాఠ్యాంశాలలో నెగ్గినా, చివరకు అతనికి లభించినది ఎం.బి.బి.ఎస్. పట్టం కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించడానికి కుదిరినాడు.

ఇంతలో ఆ ఇంటిమీద పిడుగుపాటు వంటి ఆపద వచ్చిపడినది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల వ్యవధిలో ఒకే వ్యాధికి బలియైనారు. ఆ వ్యాధి స్ప్రూ. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలు పట్టి, నోరు పూసి, నెత్తురు పలచబడి మనిషి క్షీణించిపోతాడు. ఆనాటి వైద్యుల చేతిలో దానికి మందు లేదు. కారణమైనా వారికి తెలియదు. సుబ్బారావుకు కూడ ఆ రోగం సోకినది. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడినాడు. డాక్టరై యుండి తోడబుట్టినవారిని కాపాడుకొనలేకపోయినాననే బాధ అతని జీవితానికి దారి చూపినది. రోగికి మందిచ్చుటకంటె ముందు మందును కనిపెట్టవలెనని నిశ్చయించుకొన్నాడు.

మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆసరాతోను, 1920వ దశకం తొలినాళ్లలో సుబ్బారావు అమెరికాకు ఓడ ఎక్కినాడు. యువతియైన భార్య ఇంటివద్ద ఉండిపోయినది. మళ్లీ వస్తాననే వెళ్లినాడు గాని, రాలేదు. ఆ దంపతులు తిరిగి ఒకరినొకరు చూచుకొనలేదు. ఆయన విజయాలను లెక్కించేవారు ఈ మూల్యాన్ని కూడ లెక్కలో చేర్చవలె. అది ఆయన ఒక్కడే చెల్లించినది కాదు.

బోస్టనులోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందినాడు. పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే కొలువు. పొట్ట గడచుటకు అది తప్పలేదు. తరువాత జీవరసాయన శాస్త్రజ్ఞుడైన ఓటో ఫోలిన్ ప్రయోగశాలలో, సైరస్ ఫిస్కె సహచరుడుగా పనిచేసినాడు. రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో వారిద్దరూ ప్రకటించినారు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికి ప్రాకినది. ఆ కొలబద్దతోనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీసినారు. అదే సంవత్సరంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. మనం చేయి కదిపినా, గుండె కొట్టుకొన్నా ఖర్చయ్యే శక్తికి ఈ ఎ.టి.పి.యే నాణెం వంటిది.

1930లో డాక్టరేటు లభించినది. ఇంత కృషి చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. ఆ కాలంలో భారతీయులకు అమెరికా పౌరసత్వపు తలుపులు మూసియుండినవి. 1946లో అవి తెరచుకొన్నాక కూడ ఆయన పౌరుడు కాలేదు. 1940లో హార్వర్డు విడచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు పోయి, పరిశోధన బాధ్యతలు స్వీకరించినాడు. అక్కడ గడపినవి ఎనిమిదేండ్లే. చేసిన పనిలో అవి ఎనభై ఏండ్లకు సాటి.

రక్తహీనతకు కాలేయం మందుగా పనిచేస్తుందని వైద్యలోకం 1926 నాటికే గుర్తించినది. అంతకు కొంచెం తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లులలో పనిచేసే గర్భిణీలలో ఒక రక్తహీనతను పరిశీలించి, అది ఈస్టు సారంతో నయమౌతున్నదని చూపినది. ఆకుకూరలలోను, కాలేయంలోను ఉన్న ఆ మరుగు పదార్థమే ఫోలిక్ ఆమ్లం. దానిని కృత్రిమంగా తయారుచేయుటలో సుబ్బారావు నాయకత్వాన లెడర్లే బృందం 1945లో కృతార్థమైనది. ఆ వెంటనే వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూచినారు. పాలిపోయిన ముఖాలకు నెత్తురు వచ్చినది, పుండ్లు పడిన నోళ్లు మానినవి. అన్నదమ్ములను మింగిన వ్యాధికి అన్నదమ్ములు పోయిన పాతికేండ్లకు మందు దొరికినది. వారికి అది అందలేదు. లోకానికి అందినది.

ఫోలిక్ ఆమ్లం శరీరంలో చేసే పని ఏమిటో నేడు స్పష్టంగా తెలుసు. ప్రతి కణంలోను వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ. అనే పదార్థం నాలుగక్షరాల లిపి వంటిది. ఆ అక్షరాలలో థైమిన్ ఒకటి. దానిని తయారుచేయుటకు ఫోలిక్ ఆమ్లం కావలె. అది చాలనప్పుడు థైమిన్ ఉండవలసిన చోట యురాసిల్ అనే పరాయి అక్షరం వచ్చి కూర్చుంటుంది. మరమ్మతు చేసే ఎంజైములు ఆ తప్పును కత్తిరించి వేస్తవి. రెండు పోగులలోను దగ్గర దగ్గరగా కోతలు పడితే క్రోమోజోమే తెగిపోతుంది. పొగాకు పొగ, ఎక్స్ కిరణాలు వెలుపలినుండి వచ్చి డి.ఎన్.ఏ.ను గాయపరచి కాన్సరుకు బీజం వేస్తవి. ఆహారలోపం లోపలినుండి గాయపరుస్తుంది. ఫోలిక్ ఆమ్లం తక్కువైన మనుష్యులలో యురాసిల్ పెరుగుటయు, క్రోమోజోములు తెగుటయు, ఆ విటమిను ఇచ్చిన మీదట అవి తగ్గుటయు 1997లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపినారు. డి.ఎన్.ఏ. రూపం లోకానికి తెలిసినదే 1953లో. అప్పటికి సుబ్బారావు పోయి అయిదేండ్లు.

అమృతం కూడ అస్థానంలో విషమౌతుంది. 1947లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల వైద్యుడు రక్తపు కాన్సరుతో ఉన్న పసివారికి ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూచినాడు. రోగం తగ్గలేదు సరికదా, వేగం పుంజుకొన్నట్లు కనిపించినది. విపరీతంగా విభజన చెందే రోగకణాలకు అది మేత అయినది. మేత పెట్టితే పెరిగేదానిని మేత మానిపిస్తే ఏమౌతుందని ఆలోచించినాడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలియుండి, దాని స్థానాన్ని ఆక్రమించి, దాని పనిని అడ్డగించే మారువేషపు పదార్థాలను సుబ్బారావు బృందం తయారుచేసినది. వాటిలో అమైనోప్టెరిన్ ఒకటి, మెతొట్రెక్సేటు మరొకటి. కణానికి థైమిన్ దొరకదు, డి.ఎన్.ఏ. పెరగదు, విభజన ఆగుతుంది. ఏ లోపమైతే ఆరోగ్యవంతుని నెత్తురును పాడుచేస్తుందో, ఆ లోపాన్నే కావాలని కల్పించి రోగకణాన్ని పడగొట్టినారు.

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించినాడు. పదహారుగురు పిల్లలలో పదిమందికి గుణం కనిపించినది. ఆ గుణం తాత్కాలికమే. కొన్ని నెలలకు రోగం తిరిగివచ్చినది. కాని వారాలలో మరణం తప్పదనుకొన్న జబ్బు మందుకు లొంగుట వైద్యచరిత్రలో అదే మొదలు. 1956లో రాయ్ హెర్ట్జ్, మిన్ చూ లీ అనే వైద్యులు స్త్రీలకు వచ్చే కోరియోకార్సినోమా అనే కాన్సరును మెతొట్రెక్సేటుతో పూర్తిగా నయం చేయవచ్చునని చూపినారు. నేడు సంపన్న దేశాలలో ఆ పిల్లల రక్తపు కాన్సరు నూటికి దాదాపు తొంబదిమందికి నయమౌతున్నది. ఆ చికిత్సలో మెతొట్రెక్సేటు ఇప్పటికీ ఒక భాగమే. అయితే ఈ మందు రెండంచుల కత్తి. ఎముకల మూలుగను, నోటి పొరలను కూడ అది దెబ్బతీస్తుంది. గర్భస్థ శిశువుకు ప్రమాదకరం గనుక గర్భిణీలకు ఇవ్వరాదు.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అనే మందు 1947లో లెడర్లే నుండి వెలువడినది; ఆంధ్రదేశపు తీరప్రాంతాలకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకం కూడ సుబ్బారావు పర్యవేక్షణలోనే రూపొంది 1948లో లోకానికి తెలిసినది. ఇన్ని జరిగినా ఆయన వేదికలెక్కలేదు. పత్రికలకు దూరంగానే మసలినాడు.

1948 ఆగష్టులో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూసినాడు. వయస్సు యాభైమూడు. స్వదేశం స్వతంత్రమై అప్పటికి ఏడాది నిండవస్తున్నది. ఆ స్వతంత్ర దేశాన్ని ఆయన కంటితో చూడలేదు. 1953లో ఒక బూజుకు సుబ్బరోమైసిస్ స్ప్లెండెన్స్ అని ఆయన పేరు పెట్టినారు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వెలువరించినది.

ఆయన పోయిన నలభైమూడేండ్లకు, 1991లో, బ్రిటనువారు నడిపిన ఒక పెద్ద పరీక్ష ఫలితం వెలువడినది. వెన్నుపాము సరిగా మూసుకొనని శిశువును ఒకసారి కన్న తల్లులు తిరిగి గర్భం ధరించుటకు ముందునుండి ఫోలిక్ ఆమ్లం తీసికొంటే, ఆ లోపం మరల వచ్చే ప్రమాదం నూటికి 72 వంతులు తగ్గినది. శిశువు వెన్నుపాము మూసుకొనేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాలలోనే. తల్లికి గర్భమని తెలిసేసరికే ఆ ఘడియ దాటిపోవచ్చు. కాబట్టి ఈ మాత్ర ముందే మొదలుపెట్టవలసినది. వంశానుగతంగా వచ్చే సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులలో కూడ వైద్యులు దీనిని తోడుగా ఇస్తున్నారు.

ఇద్దరు సోదరుల మరణం ఒక మనిషిని ఇల్లు విడచి పోయేటట్లు చేసినది. ఆ మనిషి తిరిగి ఇంటికి రాలేదు; ఆయన మందు వచ్చినది. అంగళ్లులో ఆ మాత్ర మింగే తల్లికి దానిని ఇచ్చినవాని పేరు తెలియకపోవచ్చు. పేరు కోరని ఆ తపస్వికి అది లోటు కాదు. తెలిసికొనకపోవుట మనకు లోటు.