విద్యాబంధువు శ్రీ కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

మన గ్రామ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, తెలంగాణమున తెలుగు గ్రంథాలయములకు పునాది వేసినవారిలో ముఖ్యులగు శ్రీ కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారిని స్మరించుకొనుట మన విధి. వారు చరిత్ర పరిశోధకులనియు, విజ్ఞానసర్వస్వ సంపాదకులనియు చదువరులు ఎఱిగియే యుందురు. కాని వారి జీవితమున మనము ముఖ్యముగా గ్రహింపదగినది వేఱొకటి కలదు. చెంత చేరినవారి బ్రదుకునే మార్చివేయు స్నేహము వారిది. ఆ స్నేహమును వారు మొదట తాము పొంది, పిదప పదిమందికి పంచిపెట్టిరి.

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. మూడవ యేటనే తండ్రి గతించెను. బాల్యమున కొంత విద్య మన భువనగిరిలో జరిగెను. పిమ్మట అక్కగారైన అచ్చమాంబయు, బావగారైన భండారు మాధవరావుగారును మధ్యపరగణాలలో నుండుటచే అచ్చటికి చేరి, వారి యింటనుండి నాగపురమున ఉన్నతవిద్య నభ్యసించిరి. తండ్రి లేని బాలునకు ఆ యిల్లే నీడయయ్యెను. మహారాష్ట్రుల నడుమ పెరిగి, మహారాష్ట్ర భాషలో వ్యాసములు వ్రాయునంతటి పాండిత్యమును సంపాదించిరి. ఎం.ఏ. పట్టమును పొందిరి.

అక్కగారికి బడిచదువు లేదు. పదేండ్ల ప్రాయముననే వివాహమయ్యెను. తమ్ముడు పాఠములు చదువుకొనుచుండగా ఆమె ప్రక్కన గూర్చుండి తెలుగు, హిందీ నేర్చుకొనెను. అన్నము పెట్టిన చేతికి తమ్ముడు కలము నిచ్చెను. ఆమె 1902లో వ్రాసిన ధనత్రయోదశి తెలుగున తొలి కథానికయని పలువురు విమర్శకుల అభిప్రాయము. అబలా సచ్చరిత్ర రత్నమాలయను గ్రంథమున ఆమె భారతస్త్రీల జీవితచరిత్రములను కూర్చెను. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే, ఆమె కన్నుమూసెను. పంతులుగారు తీర్చిదిద్దిన మొదటి శిష్యురాలు తమ్ము పెంచిన అక్కగారేయని చెప్పవచ్చును.

విద్య ముగిసిన పిదప మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావు బహద్దరువారు పంతులుగారిని తమ దివానుగా నియమించుకొనిరి. రాజాగారికి విద్యాభిమానము మెండు. వారి మైత్రివలన పంతులుగారి సంకల్పములకు ధనబలము చేకూరెను. ఆ కాలమున హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వభాష ఉర్దూ. తెలుగు బిడ్డలకు తెలుగు బడులే అరుదు. అట్టి దినములలో 1901 సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి గృహమున, ఈ మిత్రుల పూనికతో హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును ఏర్పడెను. మన మేడ్చలు ప్రాంతమువారు పనిపాటలకై నిత్యము పోయివచ్చు సికింద్రాబాదునకు తెలుగు గ్రంథాలయము వచ్చిన కథ యిది.

గ్రంథాలయమున్నను, అందు చదువదగిన కొత్త పుస్తకములు కావలెను గదా! చరిత్రము, ప్రకృతిశాస్త్రములు, మహాపురుషుల జీవితములు తెలుగున చదువుకొనుటకు వీలు కల్పింపవలెనని 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను స్థాపించిరి. ఈ మాలలో మొదటి పుస్తకము అబ్రహాము లింకను చరిత్రము. దానిని వ్రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. 1907లో వందేమాతరోద్యమమున పాల్గొన్నందులకు రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి వెళ్లగొట్టబడిన యువకులు వారు. సర్కారు కొలువు వారికి మూసిన తలుపు. పంతులుగారు వారికి గ్రంథరచన నొప్పగించిరి.

మఱుసటి యేడు హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలోని వ్రాతకై రాజద్రోహ నేరమున శిక్షింపబడి, మూడేండ్లు కారాగారమున కఠినశిక్ష ననుభవించిరి. 1911లో విడుదలయైన పిదప వారితో మాటలాడుటకే అనేకులు జంకిరి. అట్టివేళ పంతులుగారు మద్రాసున వారిని చేరదీసి, సాహిత్య కార్యములలో తోడు చేసికొనిరి. ఒక సంస్థానమున దివానుగా నున్నవారు ప్రభుత్వ ఆగ్రహమునకు గురియైన వ్యక్తిని ఆదరించుట సామాన్య సాహసము కాదు. ఆ హరిసర్వోత్తమరావుగారే అటుపిమ్మట గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు తమ జీవితమును అంకితము చేసిరి. ఆ ఒక్క తలుపు తెరువకుండినచో తెలుగునాట గ్రంథాలయములకు ఎంత నష్టము కలిగియుండెడిదో ఆలోచింపుడు.

పంతులుగారి కట్టకడపటి సంకల్పము ఆంధ్ర విజ్ఞానసర్వస్వము. లోకమునందలి సమస్త విషయములను తెలుగున అకారాదిగా సమకూర్పవలెనని వారి కోరిక. ఆ పనికి హైదరాబాదునుండి వెళ్లి సహాయపడినవారిలో ఆదిరాజు వీరభద్రరావుగారు ఒకరు. ఖమ్మం ప్రాంతమున పుట్టి, చిన్ననాటనే తండ్రిని కోల్పోయి, రావిచెట్టువారి యింటి ఆదరమున పెరిగినవారు. తాము సైతము తండ్రి లేక పెరిగిన పంతులుగారు వారికి పరిశోధనమార్గమును చూపిరి. సర్వస్వము మూడు సంపుటములు వెలువడెను. కాని అవి అకారముతో మొదలగు విషయములకే సరిపోయెను. అపారమైన ఆ శ్రమ నడుమనే, 1923 జూలైలో, నలువదియాఱేండ్ల ప్రాయమున, పంతులుగారు మద్రాసున దివంగతులైరి.

ఒక మనుష్యుని ఆయుర్దాయమునకు మించిన పనిని తలకెత్తుకొనిరని వారిని గూర్చి అనుకొనవచ్చును. అది నిజమే. కాని వారు నాటిన పని వారితో పోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞానసర్వస్వమును మరల చేపట్టిరి. హైదరాబాదున 1922లో స్థాపితమైన చరిత్ర పరిశోధక మండలికి వారి మరణానంతరము లక్ష్మణరాయ పరిశోధక మండలియని పేరు పెట్టిరి. వీరభద్రరావుగారు దానికి కార్యదర్శిగా ఊరూరు తిరిగి శాసనముల సేకరణకు పాటుపడిరి. 1935లో ఆ మండలి తెలంగాణా శాసనములను గ్రంథరూపమున ప్రకటించెను. గురువు అసంపూర్ణముగా విడిచిన పుటలకంటె, ఆయన తీర్చిదిద్దిన మనుష్యులే ఎక్కువ పని చేసిరి.

సోదర పాఠకులారా! మన గ్రంథాలయమునకు బీరువాలు, బల్లలు, పుస్తకములు చేకూరినవి. నేడు అరచేతిలోని ఫోనునందే సమాచారమంతయు దొరకుచున్నదని పిల్లలు తలంచుచున్నారు. దొరకుచున్నది నిజమే. కాని ఫలానా పుస్తకము నీకు పనికివచ్చును, ఇటు కూర్చుండి చదువుమని చెప్పు పెద్దదిక్కు ప్రతి బిడ్డకును దొరకుటలేదు. మనలో ఒక్కొక్క చందాదారుడు ఏటేట ఒక్క బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి, ప్రక్కన గూర్చుండబెట్టుకొన్నచో చాలును. అక్కను ప్రక్కన గూర్చుండబెట్టుకొని చదివిన ఆ బాలునకు మనము చెల్లింపగల శ్రద్ధాంజలి అంతకంటె వేఱొకటి లేదు.