ఎండ వేడిని ఉప్పులో దాచిన మరియా టెల్కెస్

పగలంతా మండే ఎండ, పొద్దుగూకితే మాయం. ఆ వేడిని రాత్రికి దాచుకోలేమా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే జీవితమంతా తిరిగిన శాస్త్రవేత్త మరియా టెల్కెస్.

1900 డిసెంబరు 12న హంగేరీలోని బుడాపెస్ట్‌లో పుట్టారు. అక్కడే 1924లో డాక్టరేట్ పొంది, మరుసటి ఏడాది అమెరికా చేరారు. 1939లో ఎంఐటీ సౌరశక్తి పరిశోధనలో అడుగుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నడిసముద్రంలో చిక్కుకున్నవాళ్ల కోసం ఎండతోనే ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పరికరం తయారుచేశారు.

అసలు పరీక్ష 1948లో వచ్చింది. మసాచుసెట్స్‌లోని డోవర్‌లో ఎండతోనే వెచ్చగా ఉండే ఇల్లు కట్టారు. నమూనా గీసింది ఎలినార్ రేమండ్, డబ్బు పెట్టింది అమీలియా పీబాడీ. ముగ్గురూ ఆడవాళ్లే! గాజు వెనకున్న నల్లటి రేకులు ఎండకు కాగేవి. ఆ వేడిగాలిని ఫ్యాన్లు డ్రమ్ముల్లోని గ్లాబర్ ఉప్పు దగ్గరికి తోసేవి. ఈ ఉప్పు సుమారు 32 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కిలో ఉప్పు కరిగేటప్పుడు దాచుకునే వేడితో కిలో నీటిని దాదాపు 60 డిగ్రీలు వేడెక్కించొచ్చు. రాత్రి చల్లబడి మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడినంతా ఇంటికి తిరిగిచ్చేస్తుంది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. కానీ కరిగి గడ్డకట్టీ, కరిగి గడ్డకట్టీ ఉప్పు అడుగుకు దిగిపోయింది, నీరు పైకి తేలింది. రెండూ మళ్లీ కలవలేదు. డ్రమ్ములు తుప్పుపట్టి కారాయి. చివరికి ఆ ఇంట్లో మామూలు పొయ్యి పెట్టక తప్పలేదు. 1953లో ఆమె ఎంఐటీని వీడాల్సి వచ్చింది.

ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారే. ఆమె వదల్లేదు. పేదదేశాల ఇళ్లలో కట్టెల అవసరం తగ్గేలా సోలార్ పొయ్యి రూపొందించారు. తర్వాత డెలావేర్ యూనివర్సిటీలో చేరి, 1973 నాటి సోలార్ వన్ ఇంట్లోనూ వేడి దాచే ఉప్పునే వాడారు. ఉప్పు అడుగుకు చేరకుండా ఒకరకం మట్టి కలిపి చిక్కబరిచే పద్ధతికి 1976లో పేటెంట్ వచ్చింది. అంటే డోవర్‌లో తనను ఓడించిన లోపాన్నే పాతికేళ్ల తర్వాత కూడా వెంటాడి పట్టుకున్నారన్నమాట.

1995 డిసెంబరు 2న, పుట్టిన ఊరు బుడాపెస్ట్‌లోనే కన్నుమూశారు. కరిగే పదార్థాల్లో వేడిని దాచే పద్ధతిపై నేటికీ పరిశోధనలు సాగుతున్నాయి. ఆ దారిలో తొలి అడుగులు వేసినవారిలో ఆమె ఒకరు.