స్వామి రామానందతీర్థ

నైజాం రాజ్యమును భారతదేశమున కలుపుటకై చెరసాలలకు పోయిన వారిలో స్వామి రామానందతీర్థ అగ్రగణ్యుడు. కలిసిన పిమ్మట ఆ రాజ్యమును భాషల ననుసరించి విభజింపవలెనని పట్టుపట్టిన వారిలోను ఆయనయే ముందుండెను. మొదటి కార్యమును లోకము దేశభక్తి యని కొనియాడినది. రెండవ దానిని అట్లనుటకు చాలమంది సందేహించిరి.

ఆయన పూర్వాశ్రమ నామము వ్యంకటేశ ఖేడ్గీకర్. 1903 అక్టోబరు 3న విజాపుర జిల్లా సిందగిలో జన్మించెను. కొంతకాలము కార్మిక నాయకుడగు ఎన్.ఎం. జోషీ కడ పనిచేసి, పిదప నైజాం రాజ్యమునకు వచ్చి హిప్పర్గా, అంబాజోగాయి గ్రామములలో ఉపాధ్యాయుడయ్యెను. 1932లో సన్న్యసించెను. సన్న్యాసి యయ్యు బడిని విడువలేదు.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు పుట్టకమునుపే ప్రభుత్వము దానిని నిషేధించినది. సత్యాగ్రహము జరిగినది, స్వామి కారాగారము పాలయ్యెను. 1946లో నిషేధము తొలగగా ఆయన అధ్యక్షుడయ్యెను. 1947 ఆగస్టు 15న దేశమంతట పండుగ. ఇచ్చట జాతీయపతాక మెత్తుట నేరము. పతాక మెత్తుడని ప్రజలకు పిలుపునిచ్చిన స్వామిని ఆనాడే నిర్బంధించిరి. నడుమ కొలది కాలము విడుదలయైనను, మరల పట్టుబడి పోలీసు చర్య ముగియువరకు లోపలనే యుండెను. బయట సరిహద్దు శిబిరముల యువకులు ఆయుధములు పట్టిరి. బాసర నుండి నాందేడు పోవు రైలుమార్గముననున్న ఉమ్రీ గ్రామపు బ్యాంకును 1948 జనవరిలో కొల్లగొట్టినది వారే.

1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. ఆ జయమునకు మచ్చయు కలదు. రజాకార్ల దౌష్ట్యమునకు ప్రతీకారమను పేర అనేక గ్రామములలో నిరపరాధులగు ముస్లిములు హతులైరి. పండిత సుందరలాల్ సంఘము విచారించి, మృతులు 27 వేల నుండి 40 వేల వరకు నుందురని అంచనా వేసినది. మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో నాందేడు ఒకటి. ముథోలు తాలూకా అప్పుడు ఆ జిల్లాలోనిదే. ఆ నివేదిక 2013 వరకు జనులకు అందలేదు. ఇట్టి సంగతులను దాచి వ్రాసిన చరిత్ర పిల్లలకు పనికిరాదు.

తరువాత స్వామి మంత్రిపదవి స్వీకరింపలేదు. 1950లో నాందేడున పీపుల్స్ కళాశాల స్థాపనకు పూనుకొనెను. 1952లో గుల్బర్గా నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఇంతలో పెద్ద ప్రశ్న పుట్టినది. హైదరాబాదు రాష్ట్రము భారతదేశములో నొక భాగమైనది గదా, దానిని అట్లే యుంచుటయా, విడదీయుటయా? అట్లే యుంచుట మేలనిన పెద్దలు పెక్కురు. తెలుగు, మరాఠీ, కన్నడ జనులను ఒక్కచోట కట్టియుంచినది ఒక రాజవంశమే యనియు, ప్రజల పాలన ప్రజల భాషలో నడువవలెననియు స్వామి వాదించెను. ఈ వాదమువలన ఆయనకు లాభించినదేమి? తాను నడిపిన స్టేట్ కాంగ్రెసునకే చోటు లేకపోయినది. తన నియోజకవర్గము మైసూరు రాష్ట్రమునకు పోయినది. 1957లో ఔరంగాబాదు నుండి పోటీచేసి గెలువవలసి వచ్చెను. పదవికై వాదించువాడు ఇట్లు వాదింపడు.

1956 నవంబరు 1న ముథోలు, భైంసా, కుబీరు సర్కిళ్లు నాందేడు జిల్లానుండి విడివడి ఆదిలాబాదు జిల్లాలో చేరినవి. ఆదిలాబాదు నుండి కిన్వట్, రాజూరా తాలూకాలును, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలును బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. ఒకే గోదావరి నీరు త్రాగిన గ్రామములు రెండు రాష్ట్రములవైనవి. తెలుగు జిల్లాలు ఆంధ్రతో కలియుట మేలని కూడ స్వామి తలచెను. ఆ కలయిక నిలువక 2014 జూన్ 2న తెలంగాణము వేరైనది. భాష యొక్కటియే చాలునను నమ్మకమునకు ఇది ఎదురుదెబ్బయే యని చెప్పవలెను.

1972 జనవరి 22న ఆయన హైదరాబాదులో కన్నుమూసెను. బేగంపేటలో ఆయన సమాధి యున్నది. 1994లో నాందేడున వెలసిన విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి. సెప్టెంబరు 17ను మరాఠ్వాడాలో ముక్తిసంగ్రామ దినమందురు. గోదావరికి ఈవలి పల్లెలలో విమోచన మనువారు కొందరు, విలీన మనువారు కొందరు. 2022లో రాష్ట్రప్రభుత్వము దానిని సమైక్యతా దినమనియు, 2024లో ప్రజాపాలన దినమనియు జరిపినది. నాందేడులోని ఖాదీ సమితి మాత్రము జాతీయపతాకములను తయారుచేసి దేశమునకు పంపుచున్నది.