రాజాజీయు, ఎన్నికల ధనమును

చక్రవర్తి రాజగోపాలాచారిగారి పేరు వినినంతనే ఆంధ్రులలో పెద్దలకు 1952వ సంవత్సరము జ్ఞప్తికి వచ్చును. పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిన నాడు మద్రాసు ముఖ్యమంత్రి ఆయనయే. ఆ నాటి కినుక నిష్కారణమని మేమనము. అయినను ఒక్క విషయమున ఆయన దూరదృష్టిని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పాఠకులు నేడు తలచుకొనవలసియున్నది. 2023 ఎన్నికలనాటికి మేడ్చల్ నియోజకవర్గమున ఓటర్లు 6 లక్షలకు మించిరి. అభ్యర్థి వ్యయమునకు చట్టము విధించిన హద్దు 40 లక్షల రూపాయలు. తలకు ఏడు రూపాయలైనను రాదు! ఎకరము కోట్లు పలుకు చోట ఈ లెక్క నెవరు నమ్ముదురు?

రాజాజీ 1878 డిసెంబరు 10వ తేదీన తొరపల్లి గ్రామమున జన్మించెను. సేలమున న్యాయవాదిగా పేరు గడించి, ఆ పట్టణ పురపాలకసంఘమున కధ్యక్షుడై, పిమ్మట గాంధీమహాత్ముని వెంట నడచెను. సహాయనిరాకరణకాలమున వెల్లూరు చెరసాలలో నుండగా, 1922 జనవరిలో, దినచర్యయందొక విచిత్రమైన మాట వ్రాసికొనెను. స్వరాజ్యము వచ్చినంతనే సుఖము రాదనియు, ఎన్నికలును, వాని వెంట వచ్చు అవినీతియు, ధనబలమును ప్రజల బ్రతుకును నరకప్రాయము చేయుననియు దాని భావము. దేశమంతయు స్వరాజ్యస్వప్నములో మునిగియున్న దినములవి!

1937లో మద్రాసు ప్రధానియై సేలము జిల్లాలో మద్యనిషేధమును, మరుసటి యేడు రైతుల ఋణవిమోచన శాసనమును తెచ్చెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతసేనల వశమైన నాడు గవర్నరు జనరలు ఆయనయే. మన ప్రాంతమువారు 1952లో వయోజన ఓటుహక్కు మొదటిసారి వినియోగించిరి. ఆ యేటనే రాజాజీ ఓటరు నడుగకయే, శాసనమండలికి నియమితుడై, ముఖ్యమంత్రి యయ్యెను. ఎన్నికలను సంస్కరింపగోరిన పెద్దమనిషి ఎన్నికల ద్వారమున రాకపోవుట మాకు నచ్చిన పని కాదు.

1959లో, ఎనుబదేండ్ల ప్రాయమున, కాంగ్రెసుకు ప్రతిగా స్వతంత్రపక్షమును స్థాపించెను. గుంటూరు రైతునాయకుడు రంగాగారు దాని కధ్యక్షుడు. మన రాష్ట్రమున ఆ పక్షమునకు 1962లో 19, 1967లో 29 శాసనసభాస్థానములు లభించెను. సర్కారు జోక్యము తగ్గవలెననుటయే ఆ పక్షపు ప్రాణము. లైసెన్సుల కొఱకు చేయి చాచు కంపెనీలు అధికారపక్షమునకు చందా లీయక తప్పదని రాజాజీ వాదము. కావున అభ్యర్థులు మోయు అవసరవ్యయమును రాజ్యమే వహింపవలెననెను. సర్కారు చేయి తగ్గింపుమనువాడు ఈ ఒక్కచో సర్కారునే పిలుచుట వింత గదా!

సంప్రదాయవాదులలోనే మఱియొక త్రోవ కలదు. కంపెనీల చందాలలోని అపాయమును 1957లోనే బొంబాయి ప్రధానన్యాయమూర్తి ఛాగ్లా టాటా ఉక్కుకంపెనీ వ్యాజ్యమున హెచ్చరించియుండెను. 1960 సవరణచట్టము చందాలను నిషేధింపక, 25,000 రూపాయలు గాని, సగటు లాభములో నూటి కైదు గాని, ఏది యెక్కువయో అంతవఱ కనుమతించెను. జె.ఆర్.డి. టాటా 1961లో నెహ్రూగారికి లేఖ వ్రాసి, ప్రతిపక్షమొకటి బలపడుట దేశమునకు మేలని, కాంగ్రెసుతోపాటు స్వతంత్రపక్షమునకును ధనమిత్తుమని తెలిపెను. ధనికుల చేయూత లేనిచో అధికారపక్షము నెదుర్కొనుట యెట్లని వీరి ప్రశ్న. ఆ ప్రశ్నను త్రోసివేయుట సులభము కాదు. రాజాజీ పక్షమును ఆ ధనమును పుచ్చుకొనెను. ధనబలమును నిందించుచునే ధనమును స్వీకరింపవలసి వచ్చిన ఆ ఇరకాటము ఒక్కనిది కాదు, ఎన్నికలలో దిగు ప్రతివానిది.

1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వము కంపెనీ చందాలను పూర్తిగా నిషేధించెను. వ్యయమును రాజ్యము వహింపలేదు. త్రోవ మాత్రము మూసిరి. ధనము చీకటిదారి పట్టెను. 1971లో లోకసభకు స్వతంత్రులు ఎనమండ్రు మాత్రమే గెలిచిరి. మరుసటి యేడు డిసెంబరు 25న రాజాజీ పరమపదించెను.

1985లో చందాలు తిరిగి వచ్చెను. 2017లో పరిమితి తొలగెను. దాత పేరు మఱుగుపఱచు బాండ్లను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసెను. అభ్యర్థికి హద్దున్నను, పార్టీ వ్యయమునకు నేటికిని హద్దు లేదు. రాజాజీ కోరినట్లు రాజ్యము కొంత భరింపవలెనని 1998లో ఒక సంఘము సిఫారసు చేసెను. దాని కధ్యక్షుడు, రాజాజీ జీవితాంతము విరోధించిన కమ్యూనిస్టులలో నొకడగు ఇంద్రజిత్ గుప్తా. ఆ సిఫారసు ఇంతవఱకు చట్టము కాలేదు.