చెవి మర్మమును శోధించిన హెల్మ్‌హోల్ట్జ్

వీణయు వేణువును ఒకే శ్రుతిలో మ్రోగినను, కన్నులు మూసికొని విను బాలుడు సైతము ఇది వీణ, ఇది వేణువు అని చెప్పగలడు. శ్రుతి యొక్కటియే యైనప్పుడు ఆ భేదమును చెవి యెట్లు గ్రహించుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన మహనీయులలో అగ్రగణ్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

ఈయన 1821 ఆగస్టు 31 వ తేదీన ప్రష్యా రాజ్యములోని పోట్స్‌డామ్ పట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. కుమారునకు భౌతికశాస్త్రమందు మక్కువ మెండు; కాని తండ్రి జీతము ఆ చదువునకు చాలదయ్యెను. అందుచే ప్రభుత్వ వ్యయముతో వైద్యవిద్య నభ్యసించి, బదులుగా ఎనిమిదేండ్లు సైన్యమున వైద్యుడుగా పనిచేయుట కొడంబడెను. కోరని మార్గమే ఆయనకు మేలయ్యెను. కంటి లోపలిభాగమును చూచు సాధనమును కల్పించి, 1851 లో ప్రకటించి ప్రసిద్ధి కెక్కెను.

పిమ్మట ఆయన దృష్టి శబ్దముపై నిలిచెను. మన మొక స్వరముగా వినునది నిజమునకు పెక్కు స్వరముల కూడిక. మూలస్వరముతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగముగా కంపించు ఉపస్వరములును మ్రోగుచుండును. వానిలో ఏది బలముగా నున్నదో, ఏది మందముగా నున్నదో దానినిబట్టి నాదగుణము ముఖ్యముగా మారునని ఆయన కనుగొనెను. ఇందులకై రెండు రంధ్రములుగల బోలు గోళములను చేయించి, సన్నని కొనను చెవిలో నుంచుకొని వినెను. ఒక్కొక్క గోళము తనకు తగిన స్వరమునే హెచ్చించి వినిపించెను. విడదీసినదానిని మరల కూర్చి చూపుటకై, విద్యుచ్ఛక్తిచే మ్రోగు శ్రుతిదండముల నాదములను కలిపి అచ్చుల ధ్వనులను పుట్టించెను.

అభ్యాసముచే ఉపస్వరములను వేరుగా వినవచ్చును. అయినను మనస్సు సామాన్యముగా వానిని లెక్కింపదు. ఆ కూడిక నంతయు ఒకే గుర్తుగా గైకొని, ఇది ‘ఆ’, ఇది ‘ఈ’, ఇది అమ్మ గొంతు అని పోల్చుకొనును.

ఈ పరిశోధనల నడుమనే, 1859 లో ఆయన తండ్రియు భార్యయు మరణించిరి. ఇద్దరు చిన్నబిడ్డలతో మిగిలియు, పని విడువక 1863 లో తన మహాగ్రంథమును ప్రకటించెను. 1894 సెప్టెంబరు 8 వ తేదీన దివంగతుడయ్యెను.

లోచెవిలోని తంతువులు పియానో తీగలవలె వేర్వేరుగ మ్రోగునని ఆయన తలచెను. అచటి పొరపై శబ్దము అలవలె సాగునని తరువాత బెకేషీ నిరూపించి, 1961 లో నోబెల్ బహుమాన మందెను. అయినను ఒక్కొక్క స్వరమునకు చెవిలో ఒక్కొక్క తావు కలదను మూలభావము నిలిచియే యున్నది.

విద్యార్థులారా! కోరిన చదువు దొరకనివారు మనలోను కలరు. దొరికిన చదువును శ్రద్ధతో నభ్యసించిన ఈ ఉపాధ్యాయుని బిడ్డ, దేవుడు మనకిచ్చిన చెవి యెంత అద్భుతమో లోకమునకు తెలియజేసెను.