చిప్ వేడెక్కితే గుర్తొచ్చే బీరు వ్యాపారి

విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనే బడ్జెట్ లేక, గ్రాఫిక్స్ కూడా లోపలే ఉన్న ప్రాసెసర్‌తో గేమ్స్ ఆడుతున్నారా? ఇంజినీరింగ్ రోజుల్లో నాదీ అదే కథ. వోల్టేజీ కాస్త పెంచి ఓవర్‌క్లాక్ చేశా. ఐదు నిమిషాలు బ్రహ్మాండం. తర్వాత వేడికి చిప్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంది. ఆట మునుపటికంటే నత్తనడక! ఎందుకిలా అని తవ్వుకుంటూ పోతే 1818లో పుట్టిన ఒకాయన దగ్గర తేలాను. జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. ఫిజిక్స్‌లో యూనిట్‌గా మీకు తెలిసిన పేరే.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్‌ఫోర్డ్ ఆయనది. ఇంట్లో బీరు తయారీ వ్యాపారం. చిన్నప్పట్నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో చదువు ఇంటిదగ్గరే. కాలేజీ మెట్లెక్కలేదు. కాకపోతే ట్యూషన్ చెప్పింది పరమాణు సిద్ధాంతం జాన్ డాల్టన్!

ఆవిరి యంత్రాల బదులు ఎలక్ట్రిక్ మోటార్లు పెడితే ఎలా ఉంటుందని కుర్రాడిగా జౌల్ లెక్కలేశారు. బ్యాటరీలో కరిగిపోయే జింక్ ఖర్చు ముందు బొగ్గే చవకని తేలింది. అయినా తీగలు ఎందుకు వేడెక్కుతాయన్నది మాత్రం వదల్లేదు. గాజుగొట్టానికి తీగ చుట్టి, నీళ్లలో ముంచి, కరెంటు పంపి, నీళ్లు ఎంత వేడెక్కాయో కొలిచారు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు కూడా నిండలేదు.

మీ చిప్‌లోనూ ఇలాంటి వర్గమే దెబ్బకొడుతుంది. ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతూ పుట్టించే వేడి ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీకైతే వర్గంలో పెరుగుతుంది. రెండూ 10 శాతం పెంచారనుకోండి, ఈ వేడి 33 శాతం ఎక్కువవుతుంది. పైగా సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ ఒకే కూలర్ కింద, ఒకే పవర్ కోటా పంచుకుంటాయి. సీపీయూ ఎక్కువ తింటే గ్రాఫిక్స్‌కి పస్తే. నేను సీపీయూ వోల్టేజీ కొంచెం తగ్గించి, ఒకటి బదులు రెండు ర్యామ్ స్టిక్కులు పెట్టాకే ఆట సాఫీగా నడిచింది.

ఇంత పని చేసినా జౌల్‌ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని పూర్తిగా వేయలేదు, సారాంశంతో సరిపెట్టింది. 1843లో కార్క్ సభలో మాట్లాడితే అందరూ మౌనం. బరువులు కిందికి దిగుతుంటే నీళ్లలో తెడ్లు తిరిగేలా చేసి, ఆ కాస్త వేడినీ కొలిచారు. డిగ్రీలో చిన్న భిన్నం తేడాని పట్టేశానంటే, ఓ బీరు వ్యాపారిని ఎవరు నమ్ముతారు? 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో మాత్రం విలియం థామ్సన్ అనే కుర్ర ప్రొఫెసర్ చెవిన పడింది. తర్వాత కెల్విన్ ప్రభువు అయింది ఆయనే.

నాకు బాగా నచ్చేది ఆ ఇద్దరి స్నేహం. 1852 నుంచి కలిసి ప్రయోగాలు చేసి, ఒత్తిడిలో ఉన్న వాయువు సన్నటి దారిలోంచి వ్యాకోచిస్తే చల్లబడుతుందని చూపించారు. ఈ సూత్రంతోనే 1895లో కార్ల్ ఫాన్ లిండే గాలిని ద్రవంగా మార్చారు. రికార్డుల కోసం చిప్‌ మీద పోసే ద్రవ నైట్రోజన్, ఆ మైనస్ 196 డిగ్రీల చలి, ఈ దారిలో వచ్చిందే.

1854లో భార్య పోయారు. చేతిలో ఇద్దరు పసివాళ్లు. అయినా కొలవడం ఆపలేదు. 1889లో ఆయన పేరుని యూనిట్‌గా ప్రకటించిన కొన్ని వారాలకే, అక్టోబరు 11న కన్నుమూశారు. సేల్ పట్టణంలోని సమాధిరాయి మీద 772.55 అని ఒక అంకె చెక్కి ఉంటుంది. ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడెక్కించాలంటే అన్ని పౌండ్ల బరువు ఒక అడుగు కిందికి దిగాలని, 1878లో ఆయన కొలిచిన లెక్క అది.